కత్తెర కట్టిన గూళ్ళు

రా, ఇటు జరిగి కూర్చో. ఇంకా దగ్గరికి. నా గొంతు ఇదివరకటిలా గోడలు దాటడం లేదు, దూరంగా కూర్చున్నావంటే సగం మాటలు గాలే తినేస్తుంది. మీ చిన్నతాత గురించి చెబుతాను. ఇప్పుడంటే కళ్ళజోడు వెతుక్కోవడానికి ఇంకో కళ్ళజోడు కావాలంటున్నాడు గానీ, అప్పట్లో ఆ చెయ్యి చూడ్డానికే జనం వచ్చేవాళ్ళు. పనిచేసే చోట ఆయన్ని అందరూ 'కత్తెర' అనేవారు. నేనూ అలాగే అంటాను. నేను ఆ గదిలో అడుగు పెట్టింది లేదు. ఆయన చెప్పినవీ, తర్వాత డాక్టరమ్మ మా ఇంటికొచ్చినప్పుడు చెప్పినవీ కలిపి కుట్టుకున్నాను. అతుకులు కనబడితే నవ్వకు.

పరిశోధనశాలలో తెల్ల చుంచెలుకలను పెంచే గది కత్తెరది. నేల నుంచి కప్పు దాకా ఇనుప అరలు, అరల నిండా మూతలున్న ప్లాస్టిక్ డబ్బాలు, డబ్బాల్లో రంపపు పొట్టు. గాలి గొట్టాలు రోజంతా ఉస్సుమంటూ ఉంటాయి. తలకు టోపీ, చేతులకు తొడుగులు వేసుకుంటే గానీ లోపలికి పోనివ్వరు. పసిపిల్లల్లో కండలు కరిగిపోయే జబ్బు ఒకటి ఉందట. దానికి మందు వెతికేవాళ్ళు, ఆ జబ్బు వంశంలో ఉన్న చుంచులను పెంచుతారు. అయితే ఒకే కాన్పులో పుట్టిన పిల్లల్లో ఏది జబ్బు మోసుకొచ్చిందో ఏది మోసుకురాలేదో చూపుకు అందదు. అన్నీ తెల్లనే, అన్నీ బొటనవేలంతే. అందుకని తల్లిపాలు మానిపించే వేళ, ఒక్కోదాని తోక కొస నువ్వుగింజంత కోసి ఆ ముక్కను పరీక్షకు పంపుతారు. ఏది ఏదో గుర్తుకు చెవికి ఒక చిల్లు పెడతారు. చెవిలో చిల్లు ఎక్కడుంటే ఆ నంబరన్నమాట.

ఆ కోతలో కత్తెరను మించినవాడు లేడు. ఎడమచేత్తో మెడ వెనకాల తోలు పట్టుకునేవాడు, తోక చిటికెనవేలి కింద ఇమిడిపోయేది. కుడిచెయ్యి వచ్చిందీ తెలిసేది కాదు, పోయిందీ తెలిసేది కాదు. దూదితో ఒక్క నొక్కు. నువ్వు ఆవులించి నోరు మూసేలోపు చుంచు మళ్ళీ డబ్బాలో ఉండేది. ఎక్కడెక్కడి నుంచో నేర్చుకునేవాళ్ళు వచ్చి ఆయన పక్కన నిలబడి, "మళ్ళీ ఒకసారి, కాస్త నెమ్మదిగా" అని అడిగేవారు. "నెమ్మదిగా చేస్తే అది నా పని కాదు బాబూ" అనేవాడు.

ఇంకొక అలవాటు ఉండేది ఆయనకు. కోత అయిపోయాక కాగితపు పీలికలు గుప్పెడు తీసుకుని, వేళ్ళతో చీల్చి, మెత్తగా పొంగించి, నడుమ బొటనవేలితో గుంట చేసి, గిన్నెలాంటి గూడు కట్టేవాడు. అక్కాచెల్లెళ్ళనొక డబ్బాలో, అన్నదమ్ములనొక డబ్బాలో ఆ గూళ్ళలో పడుకోబెట్టి, పైన రెండు పీలికలు కప్పి మూత వేసేవాడు. అది ఎవరూ చెప్పిన పని కాదు. "కోసిన చేత్తోనే పక్క కూడా వెయ్యకపోతే ఎలాగ?" అనేవాడు. ఆయన్ని చూసి ఆ గదిలో మిగతావాళ్ళూ అలాగే కట్టి పెట్టేవారు. అది ఆ గది పద్ధతి అయిపోయింది.

అలా ఉండగా పశువుల డాక్టరమ్మ ఒకామె కొత్తగా చేరింది. వయసు చిన్నదే, నోరు మాత్రం ఖాళీగా ఉండదు. చుంచుల్ని కూడా "ఏమ్మా, తిన్నావా?" అని పలకరించే రకం. కత్తెర పని చూస్తూ నిలబడి, "అబ్బ, ఏం చెయ్యి బాబాయ్ మీది!" అంది. ఆయన పొంగిపోయాడు.

"ఆలస్యం చేస్తేనేనమ్మా నొప్పి. ముల్లు తీసేవాడు తటపటాయిస్తే ముల్లుకన్నా వాడే ఎక్కువ గుచ్చుకుంటాడు."

"మీరు కోస్తే నొప్పి ఉండదంటారు?"

"అరవదు, కరవదు. వదిలిన మరుక్షణం గూట్లో దూరి పడుకుంటుంది. ఇంకేం కావాలి?"

"ఆ గూడు ఎవరు కట్టారు బాబాయ్?"

"నేనే. కళ్ళముందే కట్టానుగా!"

"అందుకే అడుగుతున్నా. ఇవాళ కట్టకుండా ఉంటారా? కాగితం ఊరికే ఆ మూల పెట్టి వదిలేద్దాం."

కత్తెరకు ఒళ్ళు మండింది. "కోయమంటే కోస్తాను, పక్క వేయొద్దంటే ఎలాగమ్మా? వచ్చి వారం కాలేదు, అప్పుడే అత్తగారి పెత్తనమా?"

డాక్టరమ్మ నొచ్చుకోలేదు, నవ్వేసింది. "కొత్త ఇంట్లో దిగిన ఇల్లాలు సామాను అలాగే పడేసి కూర్చుంటుందా బాబాయ్? కూర్చుందంటే ఒంట్లో బాగాలేదని. చుంచు కూడా అంతే. కాగితం కనబడితే లాక్కుపోయి గూడు కట్టకుండా ఉండలేదు. అది నొప్పిని బయటపెట్టదు. బయటపెడితే, దాన్ని తినే పిల్లికో పాముకో కబురు పంపినట్టే కదా. గూడు దగ్గర మాత్రం దాచలేదు."

సరే, చూద్దాం అన్నాడు కత్తెర. తన చెయ్యి మీద తనకు అంత నమ్మకం. కొన్ని డబ్బాల్లో చుంచుల్ని ఊరికే ఎత్తి దించారు. కొన్నింటిలో ఎప్పటిలాగే తోకలు కోశారు. అన్ని డబ్బాల్లోనూ ఒక మూల కాగితాన్ని మడిచి పెట్టారు, అంతే.

ఊరికే ఎత్తి దించినవి ఆగలేదు. మూత పూర్తిగా పడకముందే ఒకటి వచ్చి, తనకన్నా పొడుగైన పీలికను నోట కరుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ లాక్కుపోయింది. దాని వెనకే ఇంకొకటి. కాసేపటికి ఆ మూల కాగితమే లేదు, ఈ మూల కుప్పగా లేచింది. కత్తెర నవ్వుతూ పక్క డబ్బాకు తిరిగాడు.

కోసినవి వట్టి పొట్టు మీద, వీపు గుండ్రంగా ముడుచుకుని, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. కళ్ళు సగం మూసుకున్నాయి. ఒకటి తోకకొస నాకుకుంటోంది. టీ తాగి వచ్చి చూశాడు. భోజనం చేసి వచ్చి చూశాడు. కాగితం ఆయన మడిచిన మడత మడతలాగే ఉంది.

చెయ్యి దానంతటదే మూత మీదికి పోయింది. పోయి, ఆగింది. డాక్టరమ్మ వంక చూశాడు.

"కట్టండి బాబాయ్. చలేస్తుంది వాటికి. చూడాల్సింది చూశాం" అంది ఆమె మెల్లగా.

కట్టాడు. ఆ రోజు గూడు కుదరలేదట. ఒకవైపు ఒరిగిపోయిందట.

సాయంత్రం వంటింట్లో నాకు చిక్కుళ్ళు తరిగి పెట్టడం ఆయనకు అలవాటు. నేను పొయ్యి దగ్గర, ఆయన పీట మీద. మామూలుగా నేను తాలింపు గింజలు వెతికేలోపే బుట్ట ఖాళీ చేసేవాడు. ఆ రోజు నేను రెండుసార్లు వెనక్కి తిరిగినా బుట్ట బుట్టలాగే ఉంది.

"ఏమయ్యా కత్తెరా, తరుగుతున్నావా, వాటికి జోల పాడుతున్నావా?"

ఇంకో కాయ ఈనె తీశాడు. కాసేపటికి, "వదినా, చాలా వేగంగా కోస్తే నొప్పి ఉండదు కదా?" అన్నాడు.

"ఎవర్ని కోస్తావు? నన్నా?"

"ఊరికే అడిగాను."

"మీ అన్నగారు మొన్న కాలి మీద ట్రంకుపెట్టె జారవిడుచుకున్నారు చూడు. పడ్డానికి రెప్పపాటే పట్టింది. మూలుగు మాత్రం వారం వరకూ వదల్లేదు."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అన్నయ్య మూలుగుతాడు కాబట్టి తెలిసింది" అన్నాడు. "మూలగనిదాని సంగతి ఎవడికి తెలుస్తుంది?"

అప్పుడు జరిగింది చెప్పాడు. నేనూ ఓదార్చబోయాను. పోనీలేవయ్యా, ఎలుక ప్రాణం, పిల్లల మందు కోసం కదా అన్నాను. "మందు కోసమే వదినా, కాదన్నదెవరు? ఆ నొప్పి మాత్రం మందు కోసం కాదు కదా" అన్నాడు. చిక్కుళ్ళ బుట్ట నేనే లాక్కున్నాను.

రాత్రంతా ఏం లెక్కలు వేసుకున్నాడో, మర్నాడు ఉదయమే బయలుదేరిపోయాడు. చేతిలో కత్తెర మొద్దుబారి ఉంటుంది, లేదా ఆ కాన్పు పిల్లలే బలహీనమైనవై ఉంటాయి. దారిపొడుగునా ఇదే మాట. గదిలోకి వెళ్ళి కొత్త కత్తెర తీశాడు. వేలి వెంట్రుక మీద పదును చూశాడు. స్పిరిట్‌లో ముంచి ఆరబెట్టాడు. ఆ రోజు కోతకు ఉన్న కాన్పు మంచి పుష్టిగా ఉంది. డాక్టరమ్మ ఇంకా రాలేదు. తన చేతిలో ఉన్న వేగమంతా, నేర్పంతా ఆ ఒక్క డబ్బా మీద పెట్టాడు. అంత శుభ్రంగా నా జన్మలో కొయ్యలేదు వదినా అని తర్వాత నాతో అన్నాడు. దూదికి రక్తం కూడా అంటీ అంటనట్టే అంటింది.

కాగితం మూలన పెట్టాడు. రెండు చేతులూ చంకల్లో బిగించుకుని నిలబడ్డాడు.

చాలాసేపు ఏదీ కదల్లేదు. తర్వాత ఒకటి, అన్నింటిలోకీ చురుకైనది, ముక్కు ఆడిస్తూ కాగితం దాకా వచ్చింది. వాసన చూసింది. ఒక పీలిక నోట కరుచుకుంది. కత్తెర డబ్బా మీదికి వంగాడు. ఒక లాగు లాగింది. రెండో లాగుకు వెనక్కి తిరగబోతే తోక డబ్బా గోడకు తగిలింది. అంతే, పీలిక వదిలేసి, ఒళ్ళంతా ముడుచుకుని మిగతావాటి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ పీలిక దారి మధ్యలో పడి ఉంది.

డాక్టరమ్మ వచ్చేసరికి ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. ఆమె డబ్బాలోకి చూసింది, ఆయన మొహంలోకి చూసింది, టోపీ సర్దుకుంది.

"దీనికి దారి ఏదైనా ఉందా అమ్మా?" అని ఆయనే అడిగాడు.

"ఉంది బాబాయ్. నంబరు కోసం చెవికి చిల్లు పెడతారు కదా, ఆ చెవి ముక్కను చెత్తడబ్బాలో వేస్తున్నాం. పరీక్షకు అదే చాలు. చాలాచోట్ల అలాగే చేస్తున్నారు. చెవికి ముందుగా మొద్దుబారే క్రీము రాస్తే ఇంకా మేలు. తోక జోలికే పోనక్కర్లేదు. ఒక ప్రాణికి రెండు గాయాలెందుకు?"

"మరి పెద్దసారుకు చెప్పలేకపోయారా?" పెద్దసారంటే ఆ మందు పరిశోధన నడిపించే పెద్దాయన.

"చేరినరోజే చెప్పాను." డాక్టరమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. "ముక్క మరీ చిన్నది, పరీక్ష తప్పితే నెలల పని పోతుంది, ఆ మందు కోసం తల్లులు ఎదురుచూస్తున్నారు అన్నారు. అది నిజమే, నేను కాదనను. ఆ తర్వాత ఇంకోమాట అన్నారు. 'అయినా మనకు కత్తెర ఉన్నాడు కదమ్మా, అతని చేతిలో నొప్పే ఉండదు' అన్నారు. ఎలా తెలుసు సార్ అంటే, 'అతనే చెప్పాడు' అన్నారు."

కత్తెర డబ్బాలో పడి ఉన్న ఆ పీలిక వంక చూశాడు.

"రేపు అందర్నీ కూర్చోబెట్టి తేల్చేస్తారట. మిమ్మల్నీ అడుగుతారు."

"నన్నేమనమంటారు?"

"నేను చెప్పను బాబాయ్. నేను చెప్పిస్తే అది నా మాటవుతుంది."

ఇక్కడ నువ్వు ఒక సంగతి గమనించాలి. చెవికి చిల్లు పెట్టడానికి చిన్న పటకారు ఉంటుంది. దాన్ని నొక్కడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, కుదురుగా చేసే ఎవరైనా చేస్తారు. తోకకోత పోతే కత్తెరకు ఆ పేరూ పోతుంది. చూడ్డానికి ఎవరు వస్తారు? పటకారు నొక్కేవాణ్ణి చూడ్డానికి ఎవరూ రారు. ఆయనకు అది తెలియక కాదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, తన కుడిచెయ్యి తనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. మీ తాత, "ఏరా, జాతకం చూసుకుంటున్నావా?" అన్నారు.

మర్నాడు సమావేశం. పొడుగు బల్ల, చుట్టూ కుర్చీలు. కత్తెర ఎప్పుడూ తలుపు పక్కన నిలబడేవాడు. పెద్దసారు, "కూర్చోవయ్యా, ఇవాళ నీ గురించే కదా" అని తన పక్క కుర్చీ చూపించారు. మంచివాడే పెద్దసారు. చుంచులంటే లెక్కలేని మనిషి కాదు, ఆ జబ్బు పిల్లల తల్లులు ఫోన్లు చేస్తే నిద్రపట్టని మనిషి. డాక్టరమ్మ తన మాట చెప్పింది. పెద్దసారు విన్నారు. విని ఇటు తిరిగారు.

"ఆమె చెప్పేది చాలామంది చేతుల గురించి నిజం కావచ్చు. నీ చేతి సంగతి వేరు. ఏమయ్యా, నువ్వు కోస్తే వాటికి నొప్పి ఉంటుందా?"

కత్తెర లేచి నిలబడ్డాడు.

"ఉంటుంది సార్."

బల్ల చివర ఎవరో కుర్చీ జరిపారు.

"ఇన్నేళ్ళూ లేదన్నావు కదయ్యా?"

"లేదనే అనుకున్నాను సార్. అబద్ధం చెప్పలేదు. కోసిన వెంటనే గూడు నేనే కట్టి పడుకోబెట్టేవాణ్ణి. హాయిగా ఉన్నాయి కాబట్టే పడుకున్నాయనుకున్నాను. లేచి కట్టుకునే ఓపిక వాటికి ఉందో లేదో చూడలేదు. మొన్న డాక్టరమ్మ చూపించింది. నిన్న నేనొక్కణ్ణే ఉండి, ఎంత బాగా కొయ్యగలనో అంత బాగా కోసి చూశాను. ఒక్కటీ కట్టుకోలేదు సార్."

కుర్ర శాస్త్రవేత్త ఒకడు వాతావరణం తేలిక చేద్దామని, "కత్తెరకు తుప్పు పట్టిందన్నమాట" అన్నాడు.

"పట్టనీ బాబూ" అన్నాడు కత్తెర. కోపంగా కాదు. "ఇంకా పదునుగా ఉన్నా ఇదే మాట చెప్పేవాణ్ణి. నిన్న పదునుగానే ఉంది."

పెద్దసారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టబోతారని అందరూ అనుకున్నారు. ఆయన, "నీ మాట వినే నేనూ నిశ్చింతగా ఉన్నాను. నువ్వు కట్టిన గూట్లో నేనూ పడుకున్నానన్నమాట" అన్నారు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "సరే. వచ్చే కాన్పు నుంచి చెవులే చూద్దాం. ముక్క చాలకపోతే ఏం చేద్దామమ్మా?"

"రెండో చెవి ఉంది సార్. అదీ క్రీము రాశాకే" అంది డాక్టరమ్మ.

"మరి చేసేదెవరు?"

"నేనే సార్. నేర్చుకుంటాను" అన్నాడు కత్తెర, డాక్టరమ్మ నోరు తెరవకముందే.

ఆ నేర్చుకోవడం అంతా మా ఇంటి మీదికి వచ్చింది. ఆ పటకారు ఇంటికి తెచ్చుకుని, కనబడిన కాగితానికల్లా చిల్లులు. మీ తాత పొద్దున్నే పేపరు తీస్తే జల్లెడలా ఉంది. "ఒరేయ్, వార్తలు చదవాలా, వార్తల్లోంచి అవతల మనిషిని చూడాలా?" అని కేకలు. నా పాత రవిక కూడా వదల్లేదు. "నిన్నటిదాకా ఊరు మెచ్చిన చెయ్యి, ఇదేమిటయ్యా బడిపిల్లాడిలా" అన్నాను. "బడిపిల్లాణ్ణే వదినా" అన్నాడు. పటకారు కష్టం కాదట, ఆగడం కష్టమట. క్రీము రాసి, అది పట్టేదాకా ఆగాలి. ఒకదాని తర్వాత పటకారు స్పిరిట్‌లో కడిగి తుడిచి, అప్పుడు ఇంకోదాన్ని పట్టాలి. లేకపోతే దీని ముక్క దానికి అంటుకుని, జబ్బు లేనిదానికి ఉన్నట్టు తేలుతుంది. ఆ చేతికి వేగం తెలుసు గానీ ఆగడం తెలియదు. డాక్టరమ్మ పక్కనే నిలబడి, "తుడిచారా బాబాయ్?" అనేదట. ప్రతిసారీ, అప్పుడే తుడవబోతున్నట్టు, "ఆఁ ఆఁ, తుడుస్తున్నాలే" అనేవాడట.

కొత్త కాన్పు పాలు మానే రోజు వచ్చింది. పట్టుకోవడం కూడా మార్చాడు. ఇదివరకటిలా మెడ తోలు పట్టి ఎత్తకుండా, రెండు అరచేతులూ దోసిలి చేసి ఎత్తాడు. చెవికి క్రీము రాశాడు, ఆగాడు. పటకారు నొక్కాడు. ఇసకరేణువంత ముక్క. పరీక్షకు పంపే చిన్న గొట్టంలో వేశాడు, తుడిచాడు, మళ్ళీ ఎత్తాడు. మామూలుగా టీవేళకు అయిపోయే పని మధ్యాహ్నం దాటింది. తలుపు అద్దంలోంచి పెద్దసారు రెండుసార్లు తొంగిచూసి, లోపలికి రాకుండానే వెళ్ళిపోయారట. ఆ ముక్కలు పరీక్షకు సరిపోయాయి, ఒక్కటి తప్ప. దానికి రెండో చెవి తీశారు. తోక కత్తెర మళ్ళీ పెట్టెలోంచి బయటికి రాలేదు.

అవన్నీ తర్వాతి సంగతులు. ఆ మధ్యాహ్నం మాత్రం కత్తెరకు పరీక్ష ఒక్కటే. డబ్బాల్లో కాగితం మడిచి మూలన పెట్టి, మూతలు వేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పొంగించలేదు, గుంట చెయ్యలేదు.

మొదటి డబ్బాలో ఒకటి చెవి ఒకసారి విదిలించుకుంది. కాలితో గోక్కుంది. తర్వాత మూలకు పరిగెత్తి పీలిక కరుచుకుని లాక్కుపోయింది. రెండో డబ్బాలో రెండు చుంచులు ఒకే పీలికను చెరో కొసా పట్టి దెబ్బలాడుకున్నాయి. కత్తెర గట్టిగా నవ్వాడు, ఆ గదిలో అలా నవ్వడం నిషేధమట. ఒకదాని తర్వాత ఒకటి డబ్బాలన్నిట్లో కాగితం కదిలింది. ఒక్క డబ్బాలో తప్ప.

ఆ డబ్బా ముందు ఆగిపోయాడు. "ఇవేంటమ్మా, కదలవు?"

"తెలీదు బాబాయ్. చెవైనా గాయం గాయమే. తక్కువ అంటాను గానీ, లేదనను" అంది డాక్టరమ్మ. "పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు, వెళ్ళి టీ తాగి రండి. అవే లేస్తాయి."

"మీరు వెళ్ళండమ్మా."

"మళ్ళీ మీరు కట్టేస్తారేమో అని భయం నాకు."

"కట్టను. ఊరికే చూస్తుంటాను." ముక్కాలి పీట లాక్కుని డబ్బా ఎదురుగా కూర్చున్నాడు. కుడిచెయ్యి తొడ కింద పెట్టుకున్నాడు. అది ఊరుకోదని ఆయనకు తెలుసు.

టీ తెచ్చి పక్కన పెట్టారు. అది మీగడ కట్టింది. ఎవరో వచ్చి చల్లారిపోతోందన్నారు. ఆయన తల తిప్పలేదు. గాలి గొట్టాలు ఉస్సుమంటున్నాయి. ఎంతసేపటికో, డబ్బాలో ఒక తెల్ల ముక్కు పొట్టులోంచి లేచింది, కాగితం దాకా వెళ్ళింది, ఒక పీలిక కొస పట్టి లాగింది. ఆగి, మళ్ళీ లాగింది.

"కట్టుకోమ్మా" అన్నాడట, ఎవరికీ వినబడకుండా. డాక్టరమ్మకు వినబడింది.

అంతే. దీన్ని నీ దగ్గర ఉంచుకో. నేనున్నా లేకపోయినా నీ తర్వాతివాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం ఆయన తప్పు దగ్గర మొదలుపెట్టకు. ముందు ఆ చెయ్యి ఎంత గొప్పదో చెప్పు, రెప్పపాటులో ఎలా వచ్చేదో ఎలా పోయేదో బాగా వర్ణించు, వినేవాళ్ళు అబ్బా అనాలి. అనిపించాక చెప్పు, ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడని.